ఒసాకా వెళ్తే ఖాళీ కడుపుతో వెళ్లండి

మొన్న కూకట్‌పల్లిలో పిన్ని వాళ్లింటికి వెళ్తే తమ్ముడు పట్టుకున్నాడు, "అన్నా, జపాన్ వెళ్తున్నా, ఒసాకాలో రెండు రోజులే ఉంటా, ఏం చూడాలి?" అని. చూడటం తర్వాత, ముందు తినరా అన్నాను.

సాయంత్రం దోతోంబొరి కాలువ దగ్గరికి వెళ్లాలి. అక్కడ గ్లికో అనే మిఠాయి కంపెనీ ప్రకటనలో చేతులెత్తి పరిగెత్తే మనిషి బొమ్మ ముందు అందరూ ఫొటో దిగుతారు, మనమూ దిగాలి, తప్పదు. అసలు సరదా తకోయాకి బండి దగ్గర. అచ్చం మన గుంత పొంగణాల పెనమే, గుంటల్లో పిండి పోసి, ఆక్టోపస్ ముక్క వేసి, సన్నటి పుల్లతో గిర్రున తిప్పేస్తారు, పైన చల్లిన చేప పొరలు ఆవిరికి ప్రాణం ఉన్నట్టు కదులుతుంటాయి. నేను ఆగలేక ఒకటి గుటుక్కున నోట్లో వేసుకున్నా, లోపల పిండి ఇంకా జారుగానే ఉంటుందని అప్పుడు తెలిసింది, రెండు రోజులు నాలుక మండింది. శాకాహారులు మాత్రం జాగ్రత్త, ఆక్టోపస్ తీసేయమన్నా పిండిలోనే చేపల రసం కలుస్తుంది.

ఒసాకా కోట బయటి నుంచి బాగుంటుంది. లోపల మాత్రం 1931లో కాంక్రీటుతో తిరిగి కట్టిన మ్యూజియం, లిఫ్టు కూడా ఉంది. గోల్కొండ మెట్లెక్కి ఆయాసపడ్డ మనకి అది కోటలా అనిపించదు. కోట ద్వారాల దగ్గర గోడల్లోని రాళ్లు చూడండి చాలు, కొన్ని లారీ అంత ఉంటాయి.

రెండో రోజు ఒసాకాలోని నాంబా స్టేషన్ నుంచి నారా ఊరికి రైలెక్కేయండి, నలభై నిమిషాలే, అక్కడ జింకలు బిస్కెట్ల కోసం చొక్కా పట్టుకుని లాగుతాయి.

అన్నట్టు, ఒసాకాలో ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడతారు, టోక్యోలో ఎడమవైపు.