ఉప్పు లేదు, బెల్లం లేదు, ఎండా లేదు: బరంపురంలో ఆపిల్ చిరుతిళ్లు

ఒడిశా బరంపురంలో ఏదైనా నిలవ పెట్టాలంటే ఉప్పు, నూనె, బెల్లం, ఎండ. ఈ ఊరి అప్పడాలూ ఊరగాయలూ వీటి మీదే బతుకుతున్నాయి. షుగరూ బీపీ రెండూ ఉన్న మనిషికి చిరుతిండి చెయ్యబోతే మొదటి మూడింటి జోలికి పోకూడదు. నాలుగోదాన్ని అక్టోబరులో నమ్మలేం. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అదే నెల 11న పలాస వైపు దాటింది. తుఫాను రాని ఏడాదైనా గాలిలో చెమ్మ పోదు.

అయినా ఆపిల్ ముక్కల్ని మొదటిసారి మేడ మీదే ఎండబెట్టాను. సాయంత్రానికి అంచులు ముడుచుకుని బాగానే కనిపించాయి. రాత్రి లోపలికి తెస్తే తెల్లారేసరికి మళ్లీ జిగురు. మూడో రోజు నడిమధ్యన బూజు చుక్కలు. వడియం ఎండుతుంది కదా, ఇదెందుకు ఎండదు? వడియంలో ఉప్పు ఉంటుంది, బూజుని ఆపుతుంది. ఆపిల్‌లో ఉన్నది చక్కెర. అది పగలు వదిలిన తేమని రాత్రి మళ్లీ పీల్చుకుంటుంది. అందుకని ఎండని వదిలేసి ఓటీజీకి, అంటే చిన్న కరెంటు ఓవెన్‌కి మారాను.

ముందు పండు సంగతి. కాశ్మీరు, హిమాచల్ కొత్త పంట మన బజారుకి దిగేది భాద్రపదం నుంచి కార్తీకం దాకా. వేసవిలో అమ్మేవి చాలావరకు కోల్డ్ స్టోరేజీ సరుకు. పైకి ఎర్రగా ఉన్నా లోపల పిండిపిండిగా ఉంటాయి. తొడిమ పక్కన బొటనవేలితో నొక్కితే దిగకూడదు. చేతిలో పెట్టుకుంటే సైజుకి మించిన బరువనిపించాలి. ఎర్ర డెలిషియస్ తొందరగా పిండి పడుతుంది కాబట్టి కొన్న వారంలోపే ముక్కలు కోసెయ్యాలి. అప్పటికే మెత్తబడినవాటిని ముద్దకి ఉంచుకోవాలి, వేపడానికి పనికిరావు. మైనం పూత వదలడానికి గోరువెచ్చటి నీళ్లలో గుడ్డతో రుద్ది కడిగితే చాలు. తొక్క మాత్రం తియ్యొద్దు. పీచులో మంచి వాటా తొక్కలోనే ఉంది, షుగరున్నవాళ్లకి కావలసింది అదే.

కరకర ముక్కలకి కిలో పండ్లు, అంటే మధ్యస్థంగా ఉన్నవి ఆరు. నడిమి గట్టి భాగమూ గింజలూ తీసేశాక సుమారు 900 గ్రాములు మిగులుతాయి. గింజల్ని పూర్తిగా ఏరెయ్యాలి, నమిలితే సయనైడు విడుదల చేసే పదార్థం వాటిలో ఉంది. ముక్క మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఇక్కడే పని చెడేది. కత్తితో కోస్తే ఒకవైపు 2, ఇంకోవైపు 4 వస్తుంది. పలచటి వైపు మాడేదాకా మందపు వైపు తడి పోదు. బంగాళాదుంప చిప్స్ పీటతో కోస్తే ఈ గొడవ లేదు.

కోసిన ముక్క గాలి తగలగానే ఎర్రబడుతుంది. చాలామంది ఉప్పునీళ్లలో వేస్తారు. బీపీ మనిషికి అది వద్దు కాబట్టి లీటరు నీళ్లలో రెండు నిమ్మకాయల రసం పిండి, అందులో వేశాను. పులుపుకి ఆ రంగు మార్చే ఎంజైము నెమ్మదిస్తుంది. అయిదు నిమిషాలు చాలు. మాటల్లో పడి అరగంట వదిలేస్తే ముక్క నీళ్లు తాగి, పొయ్యిలో ఇంకో గంట అదనంగా పడుతుంది. తీసి నూలుగుడ్డ మీద పరిచి పైన ఇంకో గుడ్డతో అద్దాలి.

ట్రే మీద బటర్ పేపరు వేసి, ముక్కకీ ముక్కకీ తగలకుండా ఒకే వరుస పరచాలి. నూనె రాయక్కర్లేదు. 95 నుంచి 100 డిగ్రీలు, మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు. ఓటీజీ తలుపు పూర్తిగా మూస్తే ఆవిరి లోపలే తిరుగుతుంది, ముక్క ఎండదు, ఉడుకుతుంది. ఓ చెక్క గరిటె కాడ అడ్డం పెట్టి వేలెడు సందు ఉంచాను, తేడా వెంటనే కనిపించింది. గంటన్నరకి అన్నిటినీ తిరగెయ్యాలి. తొందరపడి 140 పెడితే చక్కెర మాడి చేదొస్తుంది, నడుమ మాత్రం తోలులా సాగుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే ముక్కలు గాలికి లేచి పైనున్న కాయిల్‌కి అతుక్కుంటాయి, పైన జాలీ బరువుగా పెట్టుకోవాలి.

అయిందా లేదా అన్నది వేడి మీద తెలియదు. వేడిగా ఉన్నప్పుడు అన్నీ వంగుతాయి. ఒక్కటి తీసి రెండు నిమిషాలు చల్లార్చి విరిస్తే టప్పున విరగాలి. వంగితే ఇంకో ఇరవై నిమిషాలు. దాల్చినచెక్క పొడి చిటికెడు చల్లుకోవచ్చు. బజారులో దొరికేది చాలావరకు కాసియా చెక్క, కాలేయానికి బరువైన కూమరిన్ అందులో ఎక్కువ. రోజూ చెంచాలకి చెంచాలు పోసేది కాదు.

కిలో పండ్లకి చివరికి చేతికొచ్చేది 135 నుంచి 140 గ్రాములు. ఒక పండు 22, 23 గ్రాములైంది. నీళ్లే పోయాయి, చక్కెర, పొటాషియం అన్నీ అక్కడే ఉన్నాయి. డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెళ్లకి గుప్పెళ్లు తింటే పండ్లకి పండ్లు తిన్నట్టే, కడుపుకి మాత్రం తెలియదు. ‘చక్కెర వెయ్యలేదు’ అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. అందుకే నేను గుప్పెళ్లతో లెక్క పెట్టడం మానేసి, చల్లారగానే 11 గ్రాముల చొప్పున తూచి చిన్న కవర్లలో కడతాను. కవరుకి అరపండు, అంటే సుమారు 10 గ్రాముల పిండిపదార్థం. డైటీషియన్ ఇచ్చిన చీటీలో చిరుతిండికి ఎంత రాసిందో దాన్నిబట్టి ఒకటో రెండో. ఒక హెచ్చరిక: మందు వేసుకున్నాక షుగరు పడిపోయి చెమటలు పడుతుంటే ఈ ముక్కలు తినిపించి కూర్చోకూడదు, నెమ్మదిగా పనిచేస్తాయి. అప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజు.

రెండోది చోడిపిండి బిళ్లలు. ఒడియావాళ్ల మండియా, మన చోళ్లు (రాగులు) ఒకటే. కాల్షియం నూరు గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైనే. గోధుమ పడనివాళ్లకీ పనికొస్తాయి, కాకపోతే గోధుమ ఆడిన మరలోనే చోళ్లు పట్టిస్తే వాళ్లకి లాభం లేదు. చోడి అనగానే షుగరుకి మందు అనుకుంటారు, అక్కడ నాకు పేచీ ఉంది. మెత్తగా ఆడిన పిండి పిండే, అంబలి జారుగా కాచి తాగితే చక్కెర గబగబా ఎక్కుతుంది. అందుకే కాస్త బరకగా ఆడించి, లెక్కగా తినడం.

ఒక పండు తొక్కతోనే కోరి, పది నిమిషాలు గిన్నెలో వదిలెయ్యాలి. దాని నీరు అదే దిగుతుంది. ముందే నీళ్లు పోసి కలిపితే తర్వాత పిండి జారిపోయి, మళ్లీ పిండి, మళ్లీ నీళ్లు, చివరికి ఇరవై బిళ్లలు. నూరు గ్రాముల చోడిపిండి, అర చెంచా జీలకర్ర, చిన్న అల్లంముక్క తురుము, రెండు చెంచాల పుల్లపెరుగు వేసి, మరిగే నీళ్లు చెంచా చెంచాగా చల్లుతూ కలపాలి. చోడికి గోధుమలా సాగే గుణం లేదు, చన్నీళ్లతో కలిపితే తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. వేడినీళ్లకి పిండి కొంచెం ఉడికి పట్టుకుంటుంది. ఎనిమిది ఉండలు చేసి, అరచేతిలో తట్టి, పెనం మీద చిన్న సెగన మూతపెట్టి వైపుకి నాలుగు నిమిషాలు. పెద్ద మంట మీద పైన మచ్చలు పడి లోపల పచ్చిగా ఉంటాయి. అల్లం, జీలకర్ర, పెరుగు పులుపు ఉన్నాయి కాబట్టి ఉప్పు లేని లోటు పెద్దగా తెలియదు. రెండు బిళ్లలకి పిండిపదార్థం సుమారు 22 గ్రాములు.

మెత్తబడిన పండ్లతో ముద్ద తేలిక. అరకిలో ముక్కలు, పావు గ్లాసు నీళ్లు, మూతపెట్టి చిన్న సెగన ఇరవై నిమిషాలు, గరిటెతో మెదిపితే అయిపోయింది. కుక్కర్లో మాత్రం పెట్టొద్దు, ఈ గుజ్జు నురగలా పొంగి విజిల్ దారి మూసుకుపోతుంది. బెల్లం లేదు కాబట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులే. మామిడి తాండ్రతో పోల్చుకుని వారం ఉంచితే పులుస్తుంది.

పచ్చి ముక్కలే తినాలనిపిస్తే ఉప్పు లేకుండా వేపిన పల్లీల పొడి ఓ పెద్ద చెంచా, లేదా ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసిన ఛెనా 50 గ్రాములు పక్కన పెట్టుకోవచ్చు. కొవ్వూ మాంసకృత్తులూ తోడైతే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఇది వేరే లెక్క. పచ్చి ఆపిల్‌లో పొటాషియం నూరు గ్రాములకి 107 మిల్లీగ్రాములే, అందుకే వాళ్ల పథ్యంలో తరచుగా ఉంటుంది. ఎండు ముక్కల్లో అదే నూరు గ్రాములకి ఆరేడు రెట్లు. పల్లీలూ ఛెనా భాస్వరం తెచ్చిపెడతాయి, డాక్టరుని అడగందే వద్దు. ఉప్పుకి బదులని అమ్మే లో సోడియం ఉప్పులో ఉండేదీ పొటాషియమే.

కవర్లని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడితే ఈ ఊళ్లో పది రోజులు కరకరలాడతాయి. ముసురు పట్టినప్పుడు మూత తీసి మరిచిపోతే సాయంత్రానికే మెత్తన. మళ్లీ 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెడితే సరి. రెండోసారి మెత్తబడినవాటిని మాత్రం నేను వేపను, తుంచి చోడి బిళ్లల పిండిలో కలిపేసి, ఆ పూటకి పచ్చి తురుము అంత మేరకి తగ్గిస్తాను.