లగేజీలో పడవ ఫ్యాను

నేను బహ్రెయిన్‌లో బోట్ల వర్క్‌షాపులో పనిచేస్తా, సొంతూరు అంతర్వేది పక్కన. మే నెలలో సెలవుకి వచ్చేసరికి వేట నిషేధం నడుస్తోంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మావయ్య బోటు వెనక్కెళ్లి చూస్తే, నీళ్లలో తిరిగి బోటుని తోసే ఫ్యాను రెక్క కొస బొటనవేలంత వంగిపోయి ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలుది, రెండేళ్ల కిందట నేనే పంపించా. "గోదారి మొగ దగ్గర గట్టు రాళ్లకి కొట్టిందిరా అల్లుడూ, రెండు నెలలు అలాగే తోలా, కాస్త వణుకుద్ది అంతే" అన్నాడు.

ఆ మాటకే నాకు గుండె జారింది. అల్యూమినియం అయితే చాలాసార్లు రెక్కే విరిగి దెబ్బ అక్కడితో పోద్ది, స్టీలు గట్టిది కదా, ఆ దెబ్బంతా ఫ్యానుని తిప్పే షాఫ్టుకీ గేర్లకీ పోద్ది, పైగా వణుకుతూ తిరిగితే నీళ్లని ఆపే సీళ్లు పాడై గేర్లలోకి నీళ్లు దిగుతాయి. కింద స్క్రూ విప్పితే గేర్ ఆయిలు పాలు పోసిన టీలా కారింది. ఫ్యాను పంపినవాణ్ణి ఇదంతా అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే.

రాజోలులో సుత్తితో కొట్టించి వెల్డింగ్ పెట్టిద్దామన్నాడు. వద్దన్నా. అక్కడి వెల్డింగ్ తమ్ముడు గేట్లు, ట్రాక్టర్ తొట్లు బాగా చేస్తాడు, కానీ ఈ పనికి ఆర్గాన్ గ్యాసు కావాలి, రెక్క వంపుకి సరిపోయే అచ్చు కావాలి, అంటే పిచ్ బ్లాకు. మామూలు రాడ్డుతో అతికిస్తే తుప్పు పట్టి ఊడిపోద్ది. అందుకని పాత లుంగీలో చుట్టి నా పెట్టెలో పెట్టేసుకున్నా. ఎయిర్‌పోర్టులో ఇదేంటని ఆపితే పడవ ఫ్యానండీ అని విప్పి చూపించా.

వర్క్‌షాపులో ముందు ఎర్ర డై పూసి, కాసేపాగి తుడిచి, తెల్ల పౌడర్ స్ప్రే కొట్టా. వెంట్రుకంత ఎర్ర గీత తేలింది, కంటికి కనపడని పగులు అది. మధ్యలో రబ్బరు బుష్ ఉంటది, వేడికి కాలిపోతదని ప్రెస్సులో పెట్టి తీసేశా. వంగిన చోట గ్యాసు టార్చితో వేడి చేసి బ్లాకు మీద కొంచెం కొంచెంగా కొట్టా, పగులుని గ్రైండర్‌తో మొత్తం తవ్వేసి టిగ్‌తో, అంటే ఆ ఆర్గాన్ గ్యాసు వెల్డింగ్‌తో నింపా, కాస్త వెయ్యడం, చల్లారనివ్వడం, మళ్లీ కాస్త వెయ్యడం, తొందరపడి ఒకేసారి నింపితే రెక్క ఇంకోవైపు వంకర పోద్ది. ఈ పని నాకు నేర్పింది మా కేరళ ఫోర్‌మన్, "చేతికి తగిలేదాన్ని నమ్ము, కంటిని కాదు" అంటాడాయన, కళ్లు మూసుకుని అంచు మీద వేలు నడిపిస్తాడు.

చివర బ్యాలెన్సు. ఫ్యానుని రాడ్డుకి తొడిగి బేరింగుల మీద వదిలితే బరువెక్కువున్న రెక్క కిందకి వచ్చి ఆగుద్ది. అక్కడ కొంచెం అరగదీసి మళ్లీ వదలాలి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా నాకు సగం పూట పట్టింది.

జూన్ మొదటివారంలో ఊరెళ్తున్న మలికిపురం అబ్బాయితో ఫ్యానూ, కొత్త సీళ్లూ, గ్రీజు డబ్బా పంపించా. బిగించేముందు మావయ్య వీడియో కాల్ చేశాడు.

"పాత కాటర్ పిన్ను, అదే నట్టు ఊడకుండా పెట్టేది, బానే ఉందిరా, అదే వేసెయ్యనా?"

"వద్దు మావయ్యా, కొత్తది కవర్లో పెట్టా చూడు. షాఫ్టుకి వల దారం చుట్టుకుని ఉంటది, ముందు అది కోసెయ్యి."