యిర్మీయా 29:11 మీద ధ్యానం రాయాలంటే

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో మన క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో బైబిల్లోని యిర్మీయా 29:11 వచనం తప్పకుండా కనిపిస్తుంది. దాని మీద రాసే ధ్యానాలు, అంటే చిన్న భక్తి వ్యాసాలు, చాలావరకు ఒకేలా ఉంటాయి: దేవుడికి నీ గురించి మంచి ఉద్దేశాలున్నాయి, దిగులు పడకు, మంచి రోజులొస్తున్నాయి. మాటలు మంచివే. కానీ ఆ వాగ్దానం ఎవరికి, ఏ స్థితిలో ఇచ్చాడో చూడకుండా రాస్తే ధ్యానం తేలిపోతుంది.

అందుకే రాయడానికి కూర్చునే ముందు ఆ అధ్యాయం మొత్తం, దాని ముందుదీ చదవాలి. 28లో హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలో బబులోను కాడి, అంటే ఆ రాజ్యం పెత్తనం, విరిగిపోతుందని ప్రకటిస్తాడు. జనం వినాలనుకున్నదీ అదే. 29 మాత్రం బబులోనులో చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. పదో వచనంలో, 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానన్న దేవుడి మాట వస్తుంది. ఆ ఉత్తరం విన్న నడివయసు మనిషి మళ్లీ సొంత ఊరు చూడడు. పదకొండో వచనం ఆ మనిషికీ ఇచ్చిన మాటే!

ఇది తెలిశాక, ఫెయిలైన పిల్లవాడికి “త్వరలోనే అంతా సర్దుకుంటుంది” అని రాయలేం. సప్లిమెంటరీ ఫీజు కట్టు, పుస్తకం తెరువు, ఈ ఎదురుచూపులోనూ దేవుడు నిన్ను మరవలేదు అని రాయగలం. ఆ పిల్లవాడికి అక్కరకొచ్చేది ఈ మాటే.

ఇక భాష. “దేవుడు మనలను ప్రేమించుచున్నాడు కాబట్టి టెన్షన్ పడనక్కర్లేదు” లాంటి వాక్యాలు తరచూ వస్తాయి. సగం బైబిలు గ్రాంథికం, సగం ఇంట్లో మాట. చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యం చెవిన పడినవాళ్లకు ఈ అతుకు వినిపించదు. వచనాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్టు ఉంచి, బయట మీ మాటలన్నీ వాడుక భాషలో రాయండి. యేసు “అన్నాడు” అని మొదలుపెడితే చివరిదాకా అదే. మధ్యలో “అన్నారు” కలపొద్దు. “కృప”, “అద్భుతకార్యం” అనే మాటలు వచ్చిన ప్రతిచోటా ఏం జరిగిందో అడిగి చూసుకోండి. “దేవుడు గొప్ప కార్యం చేశాడు” కన్నా “మూడు నెలల అద్దె బాకీ తీరింది” బలమైన వాక్యం.

300 మాటల ధ్యానానికి ఒక్క వచనభాగం చాలు. ఐదారు రిఫరెన్సులు పేరిస్తే ఏదీ నిలవదు. చివరి ప్రార్థన రెండు మూడు వాక్యాలు దాటకూడదు. పైన చెప్పిన పాఠాన్నే దేవుడికి మళ్లీ వినిపిస్తుంటే అది ప్రార్థన కాదు, కొట్టేయండి.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైంది సాక్ష్యాల దగ్గర, అంటే దేవుడు తమ జీవితంలో చేసినదాని గురించి మనుషులు చెప్పుకునే అనుభవాల దగ్గర. ప్రార్థన విన్నపంగా చెప్పుకున్న జబ్బు, అప్పు, కాపురంలో గొడవ వ్యాసానికి సరుకు కాదు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. చిన్న సంఘంలో ఊరు, ఉద్యోగం, జబ్బు ఈ మూడూ కలిస్తే మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించండి. కాస్త తటపటాయించినా ఆ భాగం తీసేయండి, ధ్యానం మొత్తం దాని మీదే నిలబడి ఉన్నా సరే.