ఎంతమంది వస్తున్నారు అని అడగమాకండి

వందనాలండీ. మలావీ నుంచి గుంటూరు వచ్చి నెలన్నర దాటింది. ఈ నెలన్నరలో ఇక్కడా విజయవాడలోనూ కలిపి పద్నాలుగు మందిరాల్లో సాక్ష్యం చెప్పాం, మా ఆయన వాక్యం చెప్పడం, నేను పక్కన నిలబడి ఫోటోలు చూపించడం, చివర్లో మా చిన్నది అక్కడి భాష చిచేవాలో ఒక పాట పాడటం. పద్నాలుగు చోట్లా ఒకటే. ప్రార్థన అయ్యాక టీ గ్లాసు చేతికొచ్చిద్ది, సంఘపెద్ద ఒకాయన కుర్చీ దగ్గరకి లాక్కుని "అయ్యగారూ, మరి అక్కడ ఎంతమంది మారారు" అంటారు. కొంచెం మొహమాటస్తులైతే "ఎన్ని సంఘాలు కట్టారు" అంటారు. మా ఆయన నవ్వుతారు. నాకు నవ్వు రాదు, అందుకే ఇది రాస్తున్నా.

తెలీనోళ్ళకి ఒక ముక్క. మేం 2022 నుంచి మలావీలో ఉంటున్నాం, ఆఫ్రికాలో, దేశానికి దక్షిణం వైపు ములాంజే అని పెద్ద కొండ ఉంది, మూడువేల మీటర్ల ఎత్తు, దాని కింద కనుచూపు మేర తేయాకు తోటలు. తోటల వెనక ఊళ్ళు. "అక్కడ ముందునుంచీ క్రైస్తవులే కదమ్మా, ఇంక మీరెందుకు" అని బ్రాడీపేటలో ఒక టీచరుగారు సూటిగానే అడిగారు, ఆ ప్రశ్న నాకు నచ్చింది. నిజమే, స్కాట్లాండు మిషనరీలు అక్కడికి 1875లోనే వెళ్ళారు, దేశంలో ఎక్కువమంది క్రైస్తవులే. కానీ ఒక్క పాస్టరుకి పదిపన్నెండు ప్రార్థన మందిరాలు ఉంటాయి, ఆయన సైకిలు మీద మీ ఊరు వచ్చేసరికి రెండు నెలలు, మిగతా వారాలు ఎవరికి వచ్చింది వాళ్ళు చెప్పుకోవడమే. మా పని ఏంటంటే ఆ ఊళ్ళలో వాక్యం చెప్పగలిగే మనుషుల్ని తయారు చేసి, వాళ్ళ చేతికి సంఘం అప్పజెప్పి, పక్క ఊరు వెళ్ళడం. చెప్పడానికి రెండు లైన్లే. మూడున్నరేళ్ళలో ఒక ఊళ్ళోనే ఉన్నాం, ఇంకా పక్క ఊరు వెళ్ళలేదు.

భాష మాత్రం మనకి తేలిగ్గా వచ్చిద్ది. మన మాట లాగే వాళ్ళ మాట కూడా చివర అచ్చుతోనే ఆగిద్ది. మనం బుక్కు, స్కూలు, బస్సు అంటామా, వాళ్ళు బుకు, సుకులు, బాసి అంటారు. తెల్లోళ్ళు ఆర్నెల్లు కుస్తీ పట్టే మాటలు మా ఆయన నెలలో పలికారు. తిండి కూడా అంతే, వాళ్ళ న్సిమా అంటే మన సంకటే, జొన్నకి బదులు తెల్ల మొక్కజొన్న పిండి, పక్కన గుమ్మడాకు కూరలో వేరుశనగ పొడి, లేకపోతే ఉసిపా అని సరస్సులో పట్టిన చిన్నచిన్న ఎండు చేపలు, మన నెత్తళ్ళ లాంటివి. కంది కూడా పండిద్ది, దాన్ని నండోలో అంటారు, మన దేశానికే ఎగుమతి చేస్తారు, అందుకని పప్పుకి కరువు లేదు. కారానికీ లేదు. నాలి అని అక్కడ సీసాల్లో అమ్మే మిరపకాయ సాసు ఒకటుంది, గుంటూరు దాన్ని నేనే మొదటిసారి నాలిక కాల్చుకుని చెంబెడు నీళ్ళు తాగా. మిర్చి యార్డు దగ్గర పుట్టిన మా ఆయన ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పేశా.

వెళ్ళిన కొత్తల్లో నేను స్త్రీల కూడిక పెడదామని తెగ తిరిగా. బుధవారం పెడితే ఐదుగురు, శుక్రవారం పెడితే ముగ్గురు. ఒకరోజు పక్కింటి ముసలమ్మ వచ్చి "ఓడి" అంది. అంటే లోపలికి రావొచ్చా అని, తలుపు కొట్టరు, అలా పిలుస్తారు, మనం "ఓడీని" అనాలి. వచ్చి, ఊరి చివర ఎవరో పోయారు, నువ్వు రావా అంది. మలీరో అంటారు చావుని. అక్కడ ఎవరన్నా పోతే ఊరంతా పని ఆపేసిద్ది. ఆడోళ్ళు తలా ఒక పళ్ళెం పిండి, నాలుగు కట్టెపుల్లలు నెత్తిన పెట్టుకుని వెళ్తారు, ఆ రాత్రి చచ్చిపోయినోళ్ళ ఇంట్లోనే కింద చాపల మీద పడుకుంటారు, తెల్లార్లూ పాటలు. నేనూ పిండి పట్టుకెళ్ళా, వాళ్ళ మధ్య పడుకున్నా. ఒక్కళ్ళకీ వాక్యం చెప్పలేదు, అసలు నాకు అప్పటికి అంత భాషే రాదు. మరుసటి బుధవారం కూడికకి పదిహేడు మంది వచ్చారు. అప్పటిదాకా నన్ను "అమ్వెన్యే" అనేవాళ్ళు, అంటే ఇండియన్లు, అక్కడ కొట్లు నడిపేది ఎక్కువగా గుజరాతీలు కదా, నేనూ కొట్టు పెట్టడానికే వచ్చాననుకున్నారంట.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చింది. కొండ మీద నుంచి బండరాళ్ళూ బురదా కలిసి ఊళ్ళ మీద పడ్డాయి. మా అమ్మ దివిసీమ ఉప్పెన చెప్తుంటే చిన్నప్పుడు విన్నాం, 77 నవంబరు అని తేదీతో సహా చెప్పేది, అది విన్న పిల్లకి కూడా ఇది తట్టుకోవడం కష్టమైంది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాతి ఏడాది సంగతి. తుఫాను వచ్చిన ఏడాది నవంబరులోనే వాళ్ళ రూపాయి, అదే క్వాచా, డాలరు ధర 44 శాతం పెరిగేలా దాని విలువ తగ్గించారు, పిండి ధర మాకే భయమేసేలా పెరిగింది. దాని మీద వానలు మొహం చాటేశాయి. అక్కడ జనవరి నుంచి మార్చి దాకా మామూలు రోజుల్లోనే ఆకలి నెలలు, పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట ఏప్రిల్‌కి గానీ రాదు. 2024లో కంకి గింజ పట్టలేదు. 28 జిల్లాల్లో 23 జిల్లాలకి విపత్తు అని ప్రెసిడెంటు ప్రకటించారు. మన గుంటూరు సంఘంవాళ్ళు, దేవుడు వాళ్ళని దీవించాలి, ఆ నెలే కానుక ఎత్తి పంపారు, మేం మొక్కజొన్న బస్తాలు కొన్నాం.

ఎప్పుడు పంచాలి అనే దగ్గర ఇంట్లో గొడవ. ఆదివారం ఆరాధన అయ్యాక పంచుదాం, జనం ఎట్లాగూ ఉంటారు, ఫోటో కూడా బాగుంటది అన్నది మా ఆయన. తప్పేం కాదు, నాక్కూడా అప్పుడు అదే సులువనిపించింది. మా సంఘంలో సైకిళ్ళు బాగుచేసే అతనొకాయన ఉన్నాడు, పెద్దగా మాట్లాడడు. ఆయన అన్నాడు, "అబుసా, ఆదివారం వద్దు. మంగళవారం ఇవ్వండి. మందిరం దగ్గర వద్దు, మ్ఫుము చెట్టు కింద ఇవ్వండి". అబుసా అంటే పాస్టరు, మ్ఫుము అంటే ఊరిపెద్ద. లిస్టు కూడా ఊరిపెద్దే రాయాలన్నాడు, మసీదుకి వెళ్ళేవాళ్ళు, వేరే చర్చివాళ్ళు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు అందరూ ఉండాలన్నాడు. మా ఆయనకి మొహం ఎర్రబడింది. నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు.

మా అమ్మవాళ్ళది ఒంగోలు వైపు, బాప్టిస్టులు. అమెరికా మిషనరీ క్లౌ దొర కథ ఆ ఇళ్ళల్లో రామాయణం లెక్క, ఒకేరోజు 2222 మందికి బాప్తిస్మం, 1878 జూలై 3, గుండ్లకమ్మ ఏరు. ఆ నాలుగు రెండ్లు చెప్పని పాస్టరు లేడు. మా తాత మాత్రం దానికి ముందుది చెప్పేవాడు. అంతకుముందు రెండేళ్ళు కరువు, దొర బకింగ్‌హాం కాలవ తవ్వే పనిలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇచ్చాడు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారని రేపు ఎవరూ అనకూడదని. ఇంకో మాట కూడా తాత వదలకుండా చెప్పేవాడు. ఆ రోజు నీళ్ళలో దిగి ముంచింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని.

ఆ రాత్రి ఇదంతా చెప్తే మా ఆయన కాసేపు మాట్లాడలేదు. మంగళవారమే పంచాం. కోతలయ్యేదాకా బాప్తిస్మాలు ఆపేశాం. అయినా జనం ఆదివారాలు పెరిగారు, నలభై మంది వచ్చేచోట నూట ముప్ఫై. ఆకలి మీద ఉన్నోడు ఏ తలుపు దగ్గరైనా నిలబడి చూస్తాడు, అందులో తప్పు పట్టడానికి మనమెవరం. ఏప్రిల్‌లో ఏదో కొద్దిగా గింజ ఇంటికొచ్చింది, మే నెలకి నలభై ఆరు అయ్యారు.

ఇప్పుడు రిపోర్టు. మా ఆయన నలభై ఆరు అని రాసి పంపారు. ఇక్కడినుంచి ఫోన్ వచ్చింది, ఫలానా కమిటీ అని చెప్పను, "మొన్న నూట ముప్ఫై అన్నారు కదా, ఏమైంది, మీ మధ్య ఏమన్నా సమస్యా" అని. ఇంకొకాయన, మంచి మనసుతోనే, "సగటు తీసి రాయండి అయ్యగారూ, అబద్ధం కాదు కదా" అన్నాడు. మా ఆయన ఫోన్ పెట్టేసి చాలాసేపు వసారాలో కూర్చున్నారు. నేనైతే ఆ రోజు అనకూడని మాటలు కొన్ని అన్నా, ప్రభువు క్షమించాలి. జూన్‌లో తొమ్మిది మంది బాప్తిస్మం తీసుకున్నారు, తోట పక్కన ఏట్లో, చలికాలం, నీళ్ళు ఐసు. ముంచింది మా ఆయన కాదు, ఆ సైకిళ్ళ ఆయన. మా ఆయన గట్టు మీద తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఫోటో ఏ మందిరంలో చూపించినా "మరి అయ్యగారేరీ" అని అడుగుతున్నారు.

పిల్లల గురించి అడగరు ఎవరూ. మా పెద్దోడు పదో తరగతి కోసం ఇక్కడే అమ్మమ్మ దగ్గర ఉండిపోయాడు, రెండేళ్ళు దాటింది. మాకూ ఇక్కడికీ మూడున్నర గంటలు తేడా, మేం సాయంత్రం కూడిక ముగించుకుని ఫోన్ చేసేసరికి వాడు నిద్రపోతుంటాడు. ఈసారి వచ్చాక చూస్తే నాకంటే పొడుగు, గొంతు మారిపోయింది, నాతో మాట్లాడేటప్పుడు కొత్త మనిషితో మాట్లాడినట్టు "అండీ" అంటాడు. చిన్నదేమో పక్క ఫ్లాట్ గుమ్మం ముందు నిలబడి "ఓడి" అని అరుస్తుంది, వాళ్ళు బెదిరిపోతారు. కొత్తపేటలో కుగ్లరమ్మ ఆసుపత్రి మీదుగా వెళ్తుంటే ఒకటి అనిపించింది, అమెరికా లూథరన్ మిషనరీ హేయరు అయ్యగారు 1842లో ఈ ఊరొచ్చినప్పుడు నలభై తొమ్మిదేళ్ళు, భార్య పోయింది, పిల్లలు సముద్రం అవతల. ఆయన మొదటి సంఘం, మొదటి బడి అని మనం ఉత్సవాలు చేసుకుంటాం. ఆ పిల్లలు ఆయన్ని ఏమని పిలిచారో.

మొన్న ఆదివారం అక్కడినుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మేం లేకుండా మొదటిసారి పరిశుద్ధ సంస్కారం, అదే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, వాళ్ళే జరుపుకున్నారు, వెనకాల క్వాయర్ పాట వినపడుతోంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా ఆయన ఫోన్‌లో ఏదో టైపు చేస్తున్నారు. తొంగి చూశా. "ఎంతమంది వచ్చారు" అని అడుగుతున్నారు. నేనేం అనలేదు, ఆయనే నా వైపు చూసి సిగ్గుపడ్డారు, కానీ అప్పటికే పంపించేశారు. గంట తర్వాత జవాబు వచ్చింది, వాన బాగా పడింది, మందిరం మీద రెండు రేకులు లేచిపోయాయి, వచ్చేటప్పుడు రేకులకి కొట్టే మేకులు తెండి అని. గోంగూర పచ్చడి, కారం, మేకులు అన్నీ కలిపి తూకం వేస్తుంటే మా అమ్మ, ఆ దేశంలో మేకులు కూడా దొరకవా అని ఒకటే సణుగుడు. దొరుకుతాయమ్మా, మనకంటే మూడింతల ధర, అంతే.