నీలి ద్రావణంలో ఒక చుక్క

2014 సెప్టెంబరులో మా అబ్బాయి పుట్టిన రాత్రి నాకు మూడు యూనిట్ల రక్తం ఎక్కించారు. మాది వైనతేయ పాయ ఒడ్డున, పి.గన్నవరం దగ్గరి ఒక లంక గ్రామం. కాన్పు కోసం పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరేనాటికే నా హిమోగ్లోబిన్ 9 మాత్రమేనని చీటీలో రాసి ఉంది. అయినా దాని సంగతి నన్ను గాని మా వారిని గాని కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియలేదు. బిడ్డ పుట్టిన తరువాత గర్భాశయం గట్టిపడక రక్తస్రావం ఆగలేదు. నా ఒంట్లో అసలే నిల్వ తక్కువగా ఉండడం వల్ల, మరొకరైతే తట్టుకోగలిగిన నష్టం కూడా నాకు ప్రాణం మీదికి వచ్చింది.

మాది ఓ పాజిటివ్, అరుదైన గ్రూపు కాదు. అయినా బ్లడ్ బ్యాంకు వారు మూడు యూనిట్లు ఇచ్చి, బదులుగా ముగ్గురు దాతలను తీసుకురమ్మన్నారు. మా వారు ఆ అర్ధరాత్రి ఎనిమిది మందికి ఫోన్లు చేస్తే ఇద్దరు ఒప్పుకున్నారు. మిగిలినవారు మనసు లేనివారు కారు, మాకు ఏ ఆపద వచ్చినా ముందు నిలబడేవారే. ఒక తమ్ముడు వరస అబ్బాయి మాత్రం, "రక్తం ఇచ్చాక నీరసం వస్తే సార్వా చేలో పని ఎలాగన్నయ్యా" అని ఏడుపు గొంతుతో అడిగాడట. మూడో దాత దొరకడానికి నాలుగు రోజులు పట్టింది.

స్పృహ పూర్తిగా వచ్చాక నాకు ఎదురుగా కనిపించింది స్టాండుకు వేలాడుతున్న మూడో బ్యాగు. దానికి అంటించిన కాగితం మీద గ్రూపు, ఒక నంబరు, సేకరించిన తేదీ 22-08-2014, గడువు తేదీ 26-09-2014 అని ఉన్నాయి. పేరు లేదు. నేను ఆ తేదీనే చూస్తూ ఉండడం గమనించిన నర్సు, "ఆగస్టు 22 అంటే చిరంజీవి గారి పుట్టినరోజు కదండీ, అభిమానులు పెట్టిన క్యాంపులో ఇచ్చిందయ్యుంటుంది" అన్నది. మొగల్తూరులో పుట్టిన నటుడి పుట్టినరోజున మా గోదావరి జిల్లాల కుర్రాళ్లు వరస కట్టి రక్తం ఇవ్వడం నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే, కాని అది మరో ఊరిలో, మరెవరికో సంబంధించిన విషయమనుకునేదాన్ని. ఇరవై రోజుల క్రితం ఏ కల్యాణ మండపంలోనో బల్ల మీద పడుకొని చెయ్యి చాచిన మనిషి ఎవరో, అతని రక్తం ఇప్పుడు నా చేతిలోకి చుక్కలు చుక్కలుగా దిగుతోంది. మూడు యూనిట్లు తీసుకున్నాను కనుక కనీసం మూడు యూనిట్లు తిరిగి ఇవ్వాలని ఆ మంచం మీదే అనుకున్నాను.

అనుకున్నంత తేలికగా అది జరగలేదు. రక్తం ఎక్కించుకున్నవారు ఏడాది పాటు దానం చేయకూడదు, బిడ్డకు పాలిచ్చే తల్లి అసలే ఇవ్వకూడదు. అందువల్ల 2016 అక్టోబరు 1, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, అమలాపురంలో పెట్టిన శిబిరానికి మొదటిసారి వెళ్లాను. ఫారం నింపాను, బరువు చూశారు, బీపీ చూశారు. తరువాత ఒక టెక్నీషియన్ నా వేలికి సూది గుచ్చి, సన్నని గొట్టంతో రక్తం పీల్చి, చిన్న గాజు పాత్రలోని నీలి రంగు ద్రావణంలోకి ఒక చుక్క వదిలాడు. అది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, కలిపిన నీరు. దాని సాంద్రతను నీటికి 1.053 రెట్లు ఉండేలా కలుపుతారు. హిమోగ్లోబిన్ నూరు మిల్లీలీటర్లకు 12.5 గ్రాములకు తగ్గని రక్తం దానికన్నా బరువుగా ఉంటుంది కనుక చుక్క పదిహేను సెకన్లలోగా అడుగుకు చేరుతుంది, పలుచని రక్తమైతే మధ్యలోనే నిలిచిపోతుంది. నా చుక్క కొంచెం కిందికి దిగి, అక్కడ ఒక క్షణం ఆగి, మెల్లగా పైకి తేలింది. "మునగలేదండి మేడం" అన్నాడు అతను, నాకు బాధ కలుగుతుందేమోనన్నట్టు గొంతు తగ్గించి. యంత్రంతో చూస్తే 10.6 వచ్చింది. పక్క వరసలో నాలాగే వెనక్కి పంపిన ఆడవాళ్లు మరో నలుగురు కూర్చొని ఉన్నారు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ అంకెను చదివినప్పుడల్లా నాకు ఆ నీలి పాత్రే గుర్తుకు వస్తుంది.

మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలు వేసుకున్నాను, 11.4కు చేరింది. ఇక చాలనుకొని మానేశాను, ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ పదకొండు లోపలికి దిగింది. బెల్లం తింటే చాలని కొందరు, బీట్‌రూట్ రసం తాగితే చాలని కొందరు చెప్పగా రెండూ చేశాను. అవి మంచి తిండే కాని, ఒంట్లో ఇనుము అడుగంటినవారికి అవి మాత్రమే సరిపోతాయని చెప్పడం పొరపాటని నా అనుభవంతో అంటున్నాను.

ఆ దశలో నేను వదిలిపెట్టేదాన్నే. నేను పనిచేసే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జరిగిన ఒక సంగతి నన్ను వదలనివ్వలేదు. ఆరో తరగతి నుంచి పిల్లలకు వారానికొక నీలి రంగు ఐరన్ మాత్ర భోజనం తరువాత మేమే దగ్గరుండి మింగిస్తాము. 2017 జూలైలో కొత్తగా ఆరో తరగతిలో చేరిన ఒక అమ్మాయి మాత్ర తీసుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకుంది. ముఖం మైనపు ముద్దలా పాలిపోయి ఉంది, అందరికంటే ముందు మాత్ర వేయవలసిన పిల్ల అనిపించింది. నేను కాస్త గట్టిగా అడిగేసరికి, "నాకు ఐరన్ ఎక్కువైపోయిందండి టీచర్, డాక్టరుగారు అస్సలు వద్దన్నారండి" అన్నది. మర్నాడు వాళ్లమ్మ వచ్చి చెప్పే వరకు నాకు అర్థం కాలేదు.

ఆ పిల్లకు తలసేమియా, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని, పుట్టుకతో వచ్చే జబ్బు. తల్లిదండ్రులది మేనరికం. ఇద్దరిలోనూ ఆ లోపం తాలూకు జన్యువు ఒక్కొక్కటి ఉంది, వారికి ఏ ఇబ్బందీ లేదు. అలాంటి జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆరు నెలల వయసులో బిడ్డ తెల్లబడితే ఊళ్లో వైద్యం చేసే ఒకాయన బలానికని ఐరన్ టానిక్కు రాసి ఇచ్చాడట, కాకినాడలో పరీక్ష చేయించే వరకు దాన్నే పోశారట. అప్పటి నుంచి మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ ఇనుము ఒంట్లోకి వస్తుంది. దాన్ని బయటికి పంపే దారి మనిషి శరీరానికి లేదు. అందువల్ల అది గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది, దాన్ని తీయడానికి వేరే మందు వాడాలి. ఆ పిల్ల రోజూ పరగడుపున డెఫెరాసిరాక్స్ మాత్రను గ్లాసుడు నీళ్లలో కలుపుకొని తాగుతుందని తల్లి చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పరగడుపున ఇనుము మింగాలి, ఆ పిల్ల పరగడుపున ఇనుమును పోగొట్టే మందు తాగాలి. 350 మిల్లీలీటర్ల రక్తం ఇస్తే దాతకు దాదాపు 150 మిల్లీగ్రాముల ఇనుము పోతుందని తరువాత తెలుసుకున్నాను. నేను నెలల తరబడి కూడబెడితే గాని రానిది, ఆ పిల్ల ఒంట్లో వద్దన్నా పేరుకుపోతోంది. అలాగని ఆ రక్తం లేకపోతే ఆమెకు నెల గడవదు.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కొంచెం పెద్ద ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానంగా ప్రశ్నలు వేశారు. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగుతున్నానని అప్పుడు బయటపడింది. కాఫీ, టీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, కనీసం గంట ఎడం ఉండాలి, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉండడానికి మందు ఇచ్చారు. కొబ్బరి తోటలో చెప్పులు లేకుండా తిరుగుతానా అని అడిగారు. మా ఇంటి చుట్టూ తోటే, పుట్టినప్పటి నుంచి వట్టి కాళ్లతోనే తిరిగాము. తేమ నేలలో ఉండే కొంకిపురుగు పిల్లలు పాదాల చర్మంలోంచి లోపలికి వెళ్లి, పేగులను పట్టుకొని రోజూ రక్తం పీలుస్తాయి. మలపరీక్షలో అవే కనిపించాయి. ఆల్బెండజోల్ మాత్రలు ఇంటిల్లిపాదీ వేసుకున్నాము, తోటలోకి చెప్పులు వచ్చాయి. హిమోగ్లోబిన్ పెరిగిన తరువాత కూడా మూడు నెలలు మాత్రలు మానకూడదని, లోపలి నిల్వలు నిండడానికి ఆ సమయం కావాలని ఆమె కాగితం మీద రాసి, కింద గీత గీసి ఇచ్చారు. వారానికొకసారి కోడి కార్జం తినడం కూడా అప్పుడే అలవాటైంది.

2018 జూన్ 14న, రక్తం గ్రూపులను కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజున ప్రపంచ రక్తదాతల దినం జరుపుతారు కదా, ఆ రోజు మళ్లీ వెళ్లాను. బయలుదేరుతుంటే అత్తయ్యగారు గుమ్మంలో ఆపి, "రక్తం ఎక్కిస్తే బతికిన పిల్లవి, మళ్లీ నీ ఒంట్లోంచి తీయించుకుంటానంటావేమిటమ్మా" అన్నారు. ఆవిడ తరంలో రక్తం అమ్ముకొని పొట్ట పోసుకునేవారు ఆసుపత్రుల దగ్గర ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకాన్ని నిషేధించారు. అయినా రక్తం తీయించుకోవడమంటే క్షీణించిపోవడమేనన్న దిగులు ఆవిడలో మిగిలింది. ఆ దిగులులో నా మీద ప్రేమే ఉంది కనుక ఎదురు చెప్పలేదు. చీటీలో 13.1 చూపించి, సాయంత్రం పులుసు పెట్టి ఉంచమన్నాను.

అదే నీలి రంగు, అదే సన్నని గొట్టం. చుక్క ద్రావణాన్ని తాకగానే గుండ్రంగా ముడుచుకొని, ఎక్కడా ఆగకుండా తిన్నగా అడుగుకు వెళ్లి కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న అమ్మాయి సూదంటే భయమేమోననుకొని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆపైన జరిగినదంతా చాలా చిన్న పని. కామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా, ఏ మందులు వాడుతున్నారు అని విడిగా అడిగారు, వాటికి నిజం చెప్పడం సూది కంటే ముఖ్యమని నా అభిప్రాయం. చేతిలో స్పాంజి బంతి పెట్టి, నొక్కుతూ ఉండమన్నారు. బ్యాగు ఒక ఊగే పళ్లెంలో అటూ ఇటూ కదులుతూ నిండింది. ఎనిమిది నిమిషాలు పట్టింది. బ్యాగు నాకు అందించి చూపమని అడిగితే టెక్నీషియన్ కాదనలేదు. అది వెచ్చగా ఉంది. నాకెక్కించినవి ఫ్రిజ్ నుంచి వచ్చిన చల్లని బ్యాగులు, నేను ముట్టుకున్న ఈ బ్యాగు మాత్రం నా ఒంటి వేడితోనే ఉంది.

2020 వేసవి గురించి చెప్పకుండా ఉండలేను. ప్రతి ఏటా ఎండాకాలంలో కాలేజీలకు సెలవులిస్తే శిబిరాలు తగ్గుతాయి, ఆ పిల్లకు అవి కష్టపు నెలలు. ఆ ఏడు మార్చి 25 నుంచి లాక్‌డౌన్ రావడంతో శిబిరాలు పూర్తిగా ఆగిపోయాయి. ఏప్రిల్‌లో వాళ్లమ్మ ఫోన్ చేసి, హిమోగ్లోబిన్ 5.8కి పడిపోయిందని, బి పాజిటివ్ ఎక్కడా లేదంటున్నారని చెప్పింది. నా గ్రూపు వేరు. పాత రిజిస్టర్లు ముందేసుకొని, పదో తరగతి దాటి వెళ్లిన పిల్లలకు వరసగా ఫోన్లు చేశాను. మా ఊళ్లోనే కొబ్బరి దింపు పని చేసుకుంటున్న ఒక పాత విద్యార్థిది బి పాజిటివ్. "నేనిస్తానండి టీచరుగారూ, కాని చెట్టెక్కేవాడినండి, కళ్లు తిరగవు కదండీ" అని అడిగాడు. ఆ ఒక్క రోజు చెట్టెక్కవద్దని, నీళ్లు బాగా తాగమని చెప్పాను. అంబాజీపేట దగ్గర పోలీసులు బండి ఆపి, సంగతి విని వదిలారు. తీసిన రక్తాన్ని వెంటనే ఎక్కించరు, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు పూర్తయి, దాత రక్తం రోగి రక్తంతో పొసగుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్ కుదరాలి. ఆ పిల్ల తల్లి ఒడిలో తల పెట్టుకొని వరండాలో సాయంత్రం దాకా పడుకుంది. దింపు కుర్రాడు ఇంటికి వెళ్లమన్నా వెళ్లకుండా ఎదురుగా కూర్చున్నాడు. రాత్రి రక్తం సగం దిగేసరికి ఆ పిల్ల పెదవులకు రంగు వచ్చింది, లేచి కూర్చొని ఇడ్లీ అడిగింది. అతను అది చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లి ఇడ్లీ కోసం మూసిన వీధులన్నీ తిరిగి, ఎవరో పోలీసాయన ఇచ్చిన పొట్లం పట్టుకొచ్చాడు.

ఆ తరువాత మేము ఒక పుస్తకం పెట్టుకున్నాము. బి పాజిటివ్ ఉన్నవారు పధ్నాలుగు మంది, మగవారికి మూడు నెలల ఎడం, ఆడవారికి నాలుగు నెలల ఎడం చూసుకొని ఎవరి వంతు ఏ నెలో రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలలకు పేర్లు సంక్రాంతికే ఖాయం చేస్తాము. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆ పుస్తకం రాసేది తనే.

నేను తీసుకున్న మూడు యూనిట్లు తిరిగి ఇవ్వడం 2019లోనే పూర్తయింది. వచ్చే వంతుకు ఇంకా పదకొండు రోజులుంది. మొన్న పరీక్ష చేయించుకుంటే 12.9 వచ్చింది, మాత్రలు వేసుకుంటున్నాను.