పాట అవ్వలేదు

పన్నెండున్నర అయింది, నిద్ర రావట్లేదు. ఈయన మాత్రం గుర్రు పెడుతున్నారు. ఇవాళ నా మూడ్ పాడుచేసింది ఈయనే, నిద్ర కూడా ఈయనకే.

వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ల్యాబ్‌కి వెళ్ళాం. న్యూజెర్సీలో ఇన్నేళ్ళుంటూ ఎడిసన్ అంటే పచ్చిమిరపకాయలు కొనుక్కునే ఊరనే తప్ప ఆ మనిషి సంగతే పట్టించుకోలేదు. చిన్నాడు కార్లో మూతి ముడుచుకునే కూర్చున్నాడు గానీ మెషిన్ షాప్‌లో పైకప్పు పొడుగునా కడ్డీలు, వాటికి చక్రాలు, ఒక్కో చక్రం నుంచి కిందున్న మెషిన్‌కి బెల్టు, పైన కడ్డీ తిరిగితే కింద వరసంతా తిరిగేదని చెప్తే వాడికి ఫోన్ గుర్తురాలేదు.

లైబ్రరీలో ఒక మూల చిన్న మంచం ఉంది, ఎడిసన్ కునుకు తీసేదట. నాకు ఒళ్ళు మండింది. 1886లో పెళ్ళి చేసుకుని, మైలు దూరంలో గ్లెన్‌మాంట్ అని 29 గదుల ఇల్లు కొనిచ్చి, తనేమో ఇక్కడ పడుకోవడం! ఆ మంచం వేయించింది వాళ్ళావిడ మీనానే అట. బల్లల మీద పడుకుంటున్నాడని. అది విన్నాక ఏమనుకోవాలో తెలీలేదు, ఆవిడ సర్దుకుపోయిందా లేక మనిషి ఇంట్లో లేకపోతేనే హాయిగా ఉందా.

సరే, అసలు గొడవ పైన మ్యూజిక్ రూమ్‌లో. మైనం సిలిండర్ ఎక్కించి పాత ఫోనోగ్రాఫ్, అంటే ఎడిసన్ కనిపెట్టిన పాటల మెషిన్, వేసి చూపిస్తున్నారు. కరెంటు లేదు, స్పీకర్ లేదు, సూది గాడిలో పాకుతుంటే హారన్ గొట్టంలోంచి ఎవరో దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు గొంతు. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. సరిగ్గా అప్పుడే ఈయన ఫోన్ ఎత్తి "హలో, వినపడుతోందా? ఇప్పుడు వినపడుతోందా?" అని మొదలెట్టారు. మోచేత్తో పొడిచా. చేత్తో ఆగమని సైగ చేసి ఇంకా గట్టిగా! బయటికెళ్ళి మాట్లాడొచ్చు కదా, తలుపు రెండడుగుల దూరంలో ఉంది. ఈయన అయ్యేలోపు పాట కూడా అయిపోయింది.

కార్లో చిన్నాడు ఫోన్‌లో చూసి చెప్పాడు, ఎడిసన్‌కి ఒక చెవి దాదాపు పనిచేయదట, రెండోది అంతంతమాత్రమట, అందుకని ఫోనోగ్రాఫ్ చెక్కపెట్టెని పళ్ళతో కరిచి పట్టుకుని వినేవాడట, సౌండ్ పళ్ళలోంచి ఎముకల్లోకి వెళ్ళేలా. అప్పట్నుంచీ మా నాన్నే గుర్తొస్తున్నారు.

నాన్నకి వినికిడి తగ్గిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చెప్పలేదుగా, రేడియో పెట్టుకుని ఎప్పుడూ "స్టేషన్ సరిగ్గా రావట్లేదమ్మా" అనేవారు. సౌండ్ పెంచితే చదువుకుంటున్నామని అందరం అరిచేవాళ్ళం, నేనైతే మరీనూ. తగ్గించేసేవారు. ఓ మధ్యాహ్నం చూస్తే రేడియో పెట్టె మీద దవడ ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నారు, అరచెయ్యి పక్కనే పెట్టెకి అతుక్కుని ఉంది. నిద్రపోయారనుకుని ఆపేశా. కళ్ళు తెరిచి, కోప్పడలేదు, "పాట అవ్వలేదమ్మా" అన్నారు. మళ్ళీ ఆన్ చేసేసరికి వార్తలు వస్తున్నాయి. దవడతో వింటున్నారని ఇవాళ కార్లో, పార్క్‌వే హైవే మీద అర్థమైంది నాకు.

దీనికీ ఈయన ఫోన్‌కీ సంబంధం లేదు, నేనేం క్షమించెయ్యలేదు. గ్లెన్‌మాంట్ కూడా చూడలేదు, దానికి వేరే టికెట్, అప్పటికే అయిపోయాయి. ఎడిసన్, మీనా ఇద్దరి సమాధులూ ఆ ఇంటి వెనకే ఉన్నాయట. ఈసారి నేనూ చిన్నాడే వెళ్తాం.

ఇంటికొచ్చాక అడుగుతారు, "ఇంతకీ ఏం పాట వేశారు?" అని. "హలో వినపడుతోందా అనే పాట" అన్నా. ఆయన నవ్వారు. నాకు అప్పుడు రాలేదు నవ్వు, ఇప్పుడు కొంచెం వస్తోంది.