ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి: పిల్లలకు రెండు భాషల్లోనూ నేర్పాల్సిన మాటలు

విదేశాల్లో పెరిగే మన పిల్లలు ఒంట్లో ఏ బాధ కలిగినా ‘పెయిన్’ అని ఊరుకుంటారు. ఇంట్లో మనమూ ‘పెయిన్ ఉందా నాన్నా?’ అనే అడుగుతాం. ఆ ఒక్క మాటతో డాక్టరుకు తెలిసేది చాలా తక్కువ. నొప్పి మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పి తీరును చెప్పే మాటలు 78 ఉన్నాయి. పిల్లలకు అన్ని అక్కర్లేదు, భాషకు ఆరేడు వస్తే చాలు.

ఇంగ్లీషులో ముందు ‘ఏక్’. ఆగకుండా, సన్నగా ఉండే నొప్పి అది. తల, పన్ను, చెవి, కడుపు, వెన్ను అనే మాటలకు అతుక్కుంటుంది: హెడేక్, టూతేక్, ఇయరేక్, స్టమకేక్, బ్యాకేక్. గొంతుకు మాత్రం ‘సోర్ త్రోట్’ అనాలి. ‘హార్టేక్’ అంటే మనోవేదన; ఛాతీలో నొప్పి వస్తే ‘చెస్ట్ పెయిన్’. ఆటలాడిన మర్నాడు ఒళ్ళు ‘సోర్’గా ఉంటుంది. పిక్క పట్టేస్తే ‘క్రాంప్’, పరుగెడుతుంటే డొక్కలో పొడిస్తే ‘స్టిచ్’, గీరుకున్నచోట సబ్బు తగిలితే ‘స్టింగ్’.

తెలుగులో నొప్పి ఎక్కువగా క్రియలోనే ఉంటుంది. అందుకే విడి మాటలుగా కాక వాక్యాలుగా నేర్పాలి. గోరుచుట్టు సలుపుతుంది. చెవి పోటు పెడుతుంది. కాళ్ళు పీకుతాయి, లాగుతాయి, తెలంగాణలో గుంజుతయి. కడుపులో మెలిపెడుతుంది. కళ్ళు మండుతాయి. వంగి లేస్తే నడుం కలుక్కుమంటుంది. నానమ్మ ‘నెత్తి నొస్తుంది’ అంటే తలనొప్పేనని హైదరాబాదు వెళ్ళకముందే పిల్లలకు తెలియాలి. ఈ మాటలు పుస్తకంలో చదివితే నిలవవు. మోకాలు గీరుకుపోయినప్పుడు మందు రాస్తూ ‘మండుతోందా?’ అంటే ఆ మాట ఇక మరిచిపోరు.

తప్పులు ఎక్కువగా దొర్లేది మాటకు మాట పెట్టేసినప్పుడే. నడుం నొప్పిని ‘వెయిస్ట్ పెయిన్’ అంటారు. ‘లోయర్ బ్యాక్’ అనాలి. మనకు పాదమూ కాలే, పిక్కా కాలే. ఇంగ్లీషులో ఫుట్ వేరు, లెగ్ వేరు. గుండెల్లో మంటకు ‘హార్ట్‌బర్న్’ అనే మాట ఉంది. అది తెలియక ‘హార్ట్‌లో బర్నింగ్’ అంటే గుండె జబ్బేమోనని కంగారు పడతారు. ‘గ్యాస్ పట్టింది’, ‘వేడి చేసింది’ అన్నవాటిని అనువదించకుండా లక్షణం చెప్పడమే మేలు: కడుపు ఉబ్బరంగా ఉంది, నోట్లో పుండ్లు వచ్చాయి, మూత్రం మంటగా వస్తోంది.

ఊరినుంచి వచ్చిన తాతయ్యకు ఛాతీలో నొప్పి వస్తే పన్నెండేళ్ళ మనవడిని దుభాషిగా నిలబెట్టడం తగదు. ఒక్క మాట తప్పినా ఆ భారం పసివాడి మీద పడుతుంది. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘తెలుగు’ అని అడగండి.

ఇంట్లో పిల్లల్ని అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. మొదట ‘ఒక్క వేలితో చూపించు’ అనండి. చిన్నపిల్లలు ఏ కడుపునొప్పికైనా బొడ్డే చూపిస్తారు. అయితే బొడ్డు దగ్గర మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి జరిగితే అపెండిసైటిస్ కావచ్చు, ఆలస్యం చేయకూడదు. తర్వాత ‘ఎలా ఉంది?’ అని అడిగి ఆగండి. ‘మంటా? పోటా?’ అని మనమే అందిస్తే తలూపేస్తారు. ఎంత ఉందో చెప్పడానికి మూడేళ్ళు దాటినవాళ్ళకు నవ్వు నుంచి ఏడుపు దాకా ఆరు ముఖాలుండే వాంగ్-బేకర్ బొమ్మ చూపించండి, ఎనిమిదేళ్ళు దాటితే సున్నా నుంచి 10 వరకు అంకెల్లో చెప్పమనండి.

రాత్రిళ్ళు కాళ్ళు పీకుతున్నాయంటే రెండు కాళ్ళా, ఒకటేనా అని అడగండి. రెండూ పీకి, పొద్దున్నకల్లా మామూలుగా పరుగెడితే అది చాలావరకు ఎదిగే వయసులో వచ్చే ‘గ్రోయింగ్ పెయిన్స్’ అనే నొప్పే. కాళ్ళు ఒత్తితే తగ్గుతుంది. ఒక్క కాలే నొప్పి పెట్టినా, వాచినా, లేవగానే కుంటుతున్నా డాక్టరుకు చూపించాలి.